కారు కింద కడప బండలు పెట్టొద్దు

సంపాదకులకు,

ఫోన్లో వీడియో చూసి ఇంటి ముందరే కారు బ్రేకులు విప్పుకునేవాళ్ళు కడపలో చాలామందే ఉన్నారు. అందులో తప్పులేదు. పానా పట్టడం అలవాటున్నవాళ్ళకు ముందు చక్రాల డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు), వాటిని ప్యాడ్లతో నొక్కిపట్టే క్యాలిపర్లు విప్పడం ఒక పూట పని. భయమంతా కారును నిలబెట్టే తీరుతోనే. జాకీతో లేపి, కింద రెండు మూడు బండ ముక్కలు పేర్చి, చక్రం తీసేసి పనికి కూర్చుంటున్నారు. మన బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. నేల మీద పరిస్తే ఎంత బరువైనా మోస్తుంది గానీ, భారమంతా ఒక మూల మీద పడితే చెప్పాపెట్టకుండా పగులుతుంది. సిమెంటు ఇటుకా అంతే. కారుతో ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. లేపిన కారును మోసే ఇనుప జాకీ స్టాండ్లు ఒక జత కొనండి, లేదా ఈ పని షెడ్డుకు వదిలేయండి.

చదునైన గట్టి నేల, వెనక చక్రాలకు అడ్డు, హ్యాండ్‌బ్రేక్ ఉండాలి. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయాలి. విప్పిన చక్రాన్ని కారు అడుగునే పడుకోబెడితే, స్టాండు జారినా ప్రాణం దక్కుతుంది.

క్యాలిపర్‌కు వెనకవైపు, అది జరిగే గైడ్ పిన్నులకు, రెండు బోల్టులుంటాయి. చాలా చిన్న కార్లలో 12 లేదా 14 నంబరు పానా పడుతుంది. ప్యాడ్ల కోసమే అయితే కింది బోల్టు తీసి క్యాలిపర్‌ను పైకి తిప్పితే చాలు. డిస్క్ రావాలంటే క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్ కూడా తీయాలి. దాని బోల్టులు పెద్దవి, బాగా బిగువుగా ఉంటాయి. ఊడిన క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టానికి వేలాడదీయడం షెడ్లలో కూడా ఉన్న దురలవాటు. లోపలి పొర చిట్లినా పైకి కనపడదు, తర్వాత ఆ చక్రం బ్రేకు పట్టి వదలదు. బైండింగ్ వైరుతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. ఆ సమయంలో ఎవరూ పెడల్ తొక్కకూడదు, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. డిస్క్ కోసమైతే గొట్టం విప్పే అవసరమే లేదు. విప్పారంటే దాని బోల్టుకు అటూ ఇటూ ఉండే రెండు రాగి వాషర్లూ కొత్తవి వేయాలి, బ్రేక్ ఆయిల్ లైన్లో చేరిన గాలి తీయాలి.

తుప్పు పట్టిన డిస్క్ హబ్‌కు (చక్రం బిగించే నడి భాగానికి) అతుక్కుపోతుంది. కొన్నిటికి చిన్న స్క్రూలు ఉంటాయి. తల అరిగిపోకుండా, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో తీయాలి. డిస్క్ ముఖం మీద మరలున్న రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తే వాటికి సరిపడే బోల్టులు, ఎక్కువగా ఎం8 (8 మి.మీ.), ఎక్కించి ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోతే డిస్క్ దానంతటదే ముందుకొస్తుంది. దాన్నే మళ్ళీ వేసుకోవాలనుకుంటే సుత్తితో బాదొద్దు.

చాలామంది వదిలేసేది ఆ తర్వాతి పని. హబ్ ముఖం మీద తుప్పును వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా గీకాలి. ఒక రేకంత తుప్పు మిగిలినా డిస్క్ కాస్త వంకరగా కూర్చుంటుంది, తిరిగిన ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుని అక్కడ అరుగుతుంది. కొన్నివేల కిలోమీటర్లకు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. అప్పుడు కొత్త డిస్కునే తిట్టుకుంటారు. పాత డిస్కును లేత్ పట్టించి (పైపొర చెక్కించి) వాడేవాళ్ళు దాని మీదే అచ్చువేసి ఉండే కనీస మందం చూసుకోవాలి; అంతకంటే పలచబడితే పాత ఇనుము కిందే లెక్క. కొత్త డిస్క్ మీది నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. పెట్రోలు, కిరోసిన్ రబ్బరుకు చేటు. గైడ్ పిన్నులకు బేరింగ్ గ్రీజు కూడా అంతే: రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుని ఒక ప్యాడే అరుగుతుంది. సిలికాన్ గ్రీజు వాడండి. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకండి.

పిస్టన్‌ను లోపలికి నొక్కేముందు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి, పొంగితే పెయింటు లేచిపోతుంది. వెనక డిస్కులున్న కార్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే సర్వీస్ మోడ్‌లో (పిస్టన్‌ను వదులు చేసే అమరికలో) పెట్టకుండా వెనక బ్రేకులు ముట్టుకోవద్దు.

బోల్టులన్నీ సర్వీస్ మాన్యువల్ చెప్పిన బిగువుకు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాక, కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి రెండు మూడుసార్లు అది నేలకు తగులుతుంది. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అందాకా రాయచోటి వెళ్ళే పని ఉన్నా ఆ దారిలోని గువ్వలచెరువు ఘాట్ (కొండదారి)లోకి ఆ కారు తీసుకెళ్ళొద్దు.

- ఒక కారు మెకానిక్, కడప