మంత్రివర్యా, మా కాలువ గట్టు మీద తెరలు చూడమంటారా, దారి చూడమంటారా?

గౌరవనీయులైన రహదారి రవాణా మంత్రివర్యులకు,

కోనసీమ నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న నాలుగో విన్నపం ఇది. మొదటి మూడూ తమ కార్యాలయానికి చేరినట్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి ఒక నంబరు వచ్చింది. మూడోదానికి మాత్రం పదకొండో రోజున "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని వీధిలోకి వెళ్లి నా విద్యుత్ కారు తలుపు తీశాను. నేను ఫిర్యాదు చేసిన, లోపల బిగించిన మూడు తెరలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుచేత ఈసారి కవరులో పెట్టి పంపకుండా పదిమందీ చదివేలా రాస్తున్నాను, మన్నించాలి.

విద్యుత్ బళ్ల రాయితీల సంగతీ ఛార్జింగు కేంద్రాల సంగతీ తమకు తెలియనివి కావు కనుక వాటి జోలికి పోను. బండి నడక మీద నాకు ఫిర్యాదు లేదు. పొగ లేదు, చప్పుడు లేదు, రాత్రి ఇంటి దగ్గర పెట్టిన ఛార్జింగుతో పొద్దున్నే రాజమండ్రి వెళ్లి రావచ్చు. నా గొడవంతా ఆ బండిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోడకు దేవుడి పటాలు తగిలించినట్టు, వరసగా అమర్చిన మూడు తెరల గురించే. స్టీరింగు వెనక ఒకటి, వేగానికీ ఛార్జింగుకీ. మధ్యన ఒకటి, మ్యాపుకీ పాటలకీ ఏసీకీ అద్దాలకీ దీపాలకీ. పక్క సీటు ముందు ఇంకొకటి, సినిమాలకీ సీరియళ్లకీ. షోరూము కుర్రాడు మూడింటినీ ఒక్కసారిగా వెలిగించి చూపించిన రోజున నేనూ మురిసిపోయిన మాట దాచను. పదవీ విరమణ సొమ్ములో పెద్ద భాగం ఆ వెలుగుకే ధారపోశాను.

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం రాజోలులో పెళ్లి చూసుకుని అమలాపురం వైపు వస్తున్నాము. పెద్ద రోడ్డు మీద బళ్లు నిలిచిపోయాయనీ, పక్క దారిన వెళితే నాలుగు నిమిషాలు కలిసొస్తాయనీ చెప్పి మ్యాపు మమ్మల్ని కాలువ గట్టు మీదికి మళ్లించింది. మా గట్లు ఎలా ఉంటాయో తమరు పర్యటనలకు వచ్చినప్పుడు చూసే ఉంటారు, కాకపోతే తమకు ముందూ వెనకా బళ్లు ఉంటాయి, ఎదురు ఎవరూ రారు. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పంటబోదె, మధ్యన ఒక్క బండికి సరిపడే తారు, రెయిలింగు లేదు, దీపం లేదు. వాన జోరందుకుంది. మా డెల్టాలో ఆ రోజుల్లో గాలి పిండని తడిగుడ్డలా ఉంటుంది. బయట వాన చల్లదనం, లోపల ఇద్దరి ఊపిరి కలిసి ముందు అద్దం మీద ఆవిరి పట్టింది. క్షణాల్లో ఎదుట ఉన్నది దారో కాలువో తెలియకుండా పోయింది.

పాత కారులో ఇలాంటప్పుడు నా ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్లి ఒక మీట తిప్పేది. చూడనవసరం లేదు, చీకట్లో సొంతింటి స్విచ్చు వేసినట్టే. ఈ కారులో ఆ మీట లేదు. మధ్య తెర మీద పరుచుకుని ఉన్న మ్యాపును వేలితో కిందికి లాగాలి, ఏసీ బొమ్మ నొక్కాలి, వచ్చిన పేజీలో అద్దం బొమ్మ ఎక్కడుందో వెతకాలి, ముందు అద్దమో వెనక అద్దమో పోల్చుకుని నొక్కాలి. గతుకుల మీద బండి ఎగురుతుంటే నా వేలు ఒక బొమ్మ మీద ఆనితే ఇంకో బొమ్మ పలికింది. అద్దం తేటపడాల్సింది పోయి సీటు వేడెక్కసాగింది. అప్పుడే పెళ్లివారింటి నుంచి, క్షేమంగా చేరారా అని ఫోను. ఆ ఫోను చేసిన వారి పేరు, ఫోటోతో సహా, తెరంతా ఆక్రమించి నా అద్దం బొమ్మను మింగేసింది. దాన్ని తోసేసి తల ఎత్తేసరికి కొబ్బరికాయల లోడుతో ఒక ట్రాక్టరు, వెనక దీపం లేకుండా, పది బారల దూరంలో ఉంది. బ్రేకు మీద నిలబడ్డాను. బండి జారి, ఎడమ ముందు చక్రం తారు దిగి, గట్టు అంచున బురదలో ఆగింది. కాలువ నీళ్లు తెరల వెలుగులో తళతళలాడుతూ కనిపించాయి. మా ఆవిడ నోట మాట లేదు. ఆమె ఎదుట ఉన్న మూడో తెరలో మాత్రం సీరియల్ ఆగలేదు, అత్తగారు కోడల్ని తిడుతూనే ఉంది.

పక్క సీటు తెరలోని బొమ్మ డ్రైవరుకు కనపడకుండా ఏర్పాటు చేశామని కంపెనీవారు చెప్పారు. నిజమే, బొమ్మ కనపడదు. వెలుగు కనపడుతుంది. అది మాటిమాటికీ మారుతూ రాత్రిపూట ముందు అద్దం మీద నీడలాడుతుంది.

లెక్కల మాస్టారిని కనుక ఊరుకోలేకపోయాను. మర్నాడు వాకిట్లో బండి కదలకుండా నిలిపి, మనవడి చేతికి గడియారం ఇచ్చి, అద్దం బొమ్మ నొక్కడానికి నాకెంతసేపు పడుతుందో పదిసార్లు చూశాను. సగటున ఏడు సెకన్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఏడు సెకన్లకు 77 మీటర్లు, అంటే మా లాకుల దగ్గర నుంచి రామాలయం దాకా నేను కళ్లు మూసుకుని బండి నడిపినట్టు. నా ముసలి వేళ్ల లోపమేనని తమ అధికారులు అనవచ్చు. స్వీడన్‌లో ఒక మోటారు పత్రిక 2022లో ఇదే పని పద్ధతిగా చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుస్తుండగా నాలుగు చిన్న పనులు చేయమంటే, మీటలున్న 2005 నాటి వోల్వోలో 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయాయి. తెరలున్న కొత్త కార్లలో అన్నింటికన్నా వెనకబడ్డదానికి 44.6 సెకన్లు, 1,372 మీటర్లు పట్టింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లోనే డ్రైవరు చూపు రోడ్డు మీద నుంచి ఒక విడతకు రెండు సెకన్లకు మించి తప్పకూడదని మార్గదర్శకాలు రాసింది. ఐరోపాలో కార్లకు భద్రతా నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి మలుపు దీపాలు, ప్రమాద దీపాలు, హారను, వైపరు, అత్యవసర పిలుపు అనే అయిదింటికీ చేతికి తగిలే మీటలు లేకపోతే పూర్తి మార్కులు వేయదు. మనకూ 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ ఉంది. గుద్దుకున్నాక లోపలివారు ఎంతవరకు దక్కుతారో అది చక్కగా కొలుస్తుంది. గుద్దుకోకుండా మీట ఒకటి పెట్టించడానికి కూడా దానిలో నాలుగు మార్కులు కేటాయించమని నా మూడు విన్నపాల్లోనూ అడిగాను, ఇక్కడ నాలుగోసారి అడుగుతున్నాను.

చట్టం సంగతికి వస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షనుకు 2019లో సవరణ తెచ్చి, బండి నడుపుతూ చేతిలో ఫోను వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా చేర్చారు. మంచి పని. మా ఊరి కూడలిలో ఆ నేరానికి కుర్రవాళ్లను ఆపి జరిమానా రాస్తుంటే చూసి సంతోషిస్తాను. అరచేతిలో పట్టే తెర నేరమైతే, మూరెడు తెరలు మూడు ఫ్యాక్టరీలోనే బిగించుకుని, నంబరు ప్లేటుతో సహా రోడ్డెక్కడం ఎలా సౌకర్యమైందో తమ శాఖవారు ఒక్క వాక్యంలో చెప్పగలరా? జర్మనీలో వాన వేళ తెర మీద వైపరు వేగం మార్చబోయి రోడ్డు తప్పి గుద్దిన టెస్లా డ్రైవరుకు 200 యూరోల జరిమానా, నెల రోజుల నిషేధం సబబేనని కార్ల్స్‌రూహే కోర్టు 2020లో తీర్పు చెప్పింది. మీట తీసేసి తెర పెట్టినవాడికి ఏమీ కాలేదు. రేపు నేను కాలువలో పడితే నాకూ అదే న్యాయం జరుగుతుంది కాబోలు. కంపెనీవారు దానికి ముందే సిద్ధపడ్డారు. బండి ఎక్కగానే, డ్రైవరు తన దృష్టినంతా రోడ్డు మీదే ఉంచాలని ఇంగ్లీషులో ఒక హెచ్చరిక తెర మీదికి వస్తుంది. దాన్ని చదవడానికి తెర వైపే చూడాలి. "అంగీకరిస్తున్నాను" అని నొక్కితే గాని మిగతా తెర తెరుచుకోదు.

దారి చూపించడం గురించి కూడా రెండు మాటలు రాయక తప్పదు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర 2024 నవంబరులో మ్యాపును నమ్మి సగంలో ఆగిపోయిన వంతెన మీద నుంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయిన సంగతి తమకు తెలుసు. అంతకు ముందు ఏడాది కేరళలో ఇద్దరు యువ వైద్యులు పెరియార్ నదిలోకి బండి పోనిచ్చారు. ఏడు పాయల గోదావరి పక్కన బతికేవాళ్లం, ఆ వార్తలు చదివితే మాకు నిద్ర పట్టదు. నరసాపురం వెళ్లాల్సిన మా బంధువులను ఇదే మ్యాపు రాత్రి పది దాటాక సఖినేటిపల్లి రేవుకు తీసుకుపోయి నిలబెట్టింది. తెర మీద నీలం గీత గోదావరి మీదుగా అవతలి ఒడ్డుకు పోతూనే ఉంది. అది పంటు దారి అనీ, అంటే బళ్లను రేవు దాటించే పడవ దారి అనీ, పంటు కట్టేశారనీ, చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్లాలనీ చెప్పింది మాత్రం రేవులో గొడుగు వేసుకుని కూర్చున్న ఒక టీ కొట్టు పెద్దాయన. గన్నవరం అని పలికితే మా కోనసీమలోని పి.గన్నవరాన్ని వదిలేసి విజయవాడ పక్కనున్న విమానాశ్రయానికి దారి చూపిస్తుంది. కొత్తపేట అంటే ఏ కొత్తపేటకో దానికే తెలియదు. ఊరి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పరిగెడుతుంటే వాటిని కూడబలుక్కుంటూ ఇంకో రెండు సెకన్లు. పంట కోతల కాలంలో రోడ్డుకు సగం మేర ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారని ఏ మ్యాపుకీ తెలియదు. దానికి కళ్లే కావాలి, ఆ కళ్లనే ఈ తెరలు లాక్కుంటున్నాయి.

ఇక బండి నడుస్తుండగా మధ్య తెర మీద సినిమా రాకుండా కంపెనీ వేసిన తాళం గురించి. మా పట్నంలో కొన్ని దుకాణాల్లో ఆ తాళం తీసిపెడుతున్నారు. కిరాయి కారులో విశాఖ వెళుతూ, డ్రైవరు ఒక కన్ను రోడ్డు మీదా ఒక కన్ను ఫైటు మీదా వేసి నడపడం నేనే చూశాను. ఆపమంటే, "పర్లేదు మాస్టారూ, చూసేసిన సినిమాయే" అన్నాడు. అమెరికాలో 2021 డిసెంబరులో, కారు నడుస్తుండగా ముందు తెర మీద ఆటలు ఆడుకునే వీలుందని సుమారు 5,80,000 టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టారు. ఆ కంపెనీ వెంటనే ఆ వీలును తొలగించింది. అడిగేవాడుంటే ఎంత త్వరగా అవుతుందో చూశారా!

వినోదానికి నేను శత్రువును కాను. రావులపాలెంలో ఛార్జింగు పెట్టి ముప్పావు గంట కూర్చోవాల్సి వచ్చినప్పుడు మా ఆవిడా నేనూ ఆ తెర మీదే పాత సినిమా చూసుకుంటూ పూతరేకులు తింటాము. ఆగిన బండిలో మూడు కాదు, ముప్పై తెరలు పెట్టమనండి. చక్రం తిరగడం మొదలయ్యాక డ్రైవరు కంటికి సోకే వినోదమంతా ఆగిపోవాలి, ఆ తాళం దుకాణంలో ఊడదీయలేనిదిగా ఉండాలి, అద్దానికీ వైపరుకూ దీపాలకూ చేతికి తగిలే మీటలుండాలి. ఇంత చిన్న కోరికకు ఎన్ని అర్జీలు కావాలో సెలవిస్తే అన్నీ ఒకేసారి రాసి పెట్టుకుంటాను.

కంపెనీవారికి కూడా రాశాను. వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేటులో సరిచేస్తామన్నారు. ఆ అప్‌డేటు సంక్రాంతి ముందు వచ్చింది. రెండు కొత్త ఆటలు చేర్చారు. అద్దం బొమ్మను మాత్రం ఆ పేజీ నుంచి తీసి ఇంకో పేజీలో పెట్టారు. మళ్లీ మనవడిని పిలిచి గడియారం ఇచ్చాను. తొమ్మిది సెకన్లు.

ప్రస్తుతానికి మా ఏర్పాటు మేము చేసుకున్నాము. వాన పట్టగానే మూడో తెర ఆర్పేసి, మా ఆవిడ ఒళ్లో ఒక పాత తువ్వాలు పెట్టుకుని కూర్చుంటుంది. అద్దం మసకబారినప్పుడల్లా ముందుకు వంగి నా వైపు ఒక జానెడు మేర తుడుస్తుంది. తమ అధికారులెవరైనా వచ్చి ఈ విధానాన్ని పరిశీలించదలిస్తే వానాకాలంలో రావలసిందిగా మనవి. కాలువలు నిండుగా ఉంటాయి. ఈ లేఖకు జవాబు తెలుగులో ఇప్పించగలరు, "పరిష్కరించబడింది" అన్న ఒక్క మాట తప్ప ఏదైనా సరే.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత లెక్కల మాస్టారు,
అమలాపురం పక్క పల్లె, కోనసీమ