జ్యోత్స్నకు ఎన్ని అక్షరాలు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న వేసవి సెలవుల్లో మా ఉపాధ్యాయులందరం ఇళ్లలో కూర్చుని ఫోన్లలో ఒక ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేశాం. వీడియో చూడాలి, మధ్యమధ్యలో ప్రశ్న వస్తుంది, దాని కింద ఉన్న పెట్టెలో జవాబు టైపు చేయాలి. పెట్టె పక్కన ఎర్ర నక్షత్రం ఉంటే అది తప్పనిసరి. నింపితేగాని ‘తర్వాత’ అనే బటన్ వెలగదు. పాఠాల మీద నాకు ఫిర్యాదు లేదు, బాగానే ఉన్నాయి. నా పేచీ అంతా ఆ పెట్టెతోనే. ఈ మాటలు శిక్షణ చివర ‘మీ అభిప్రాయం’ అన్న చోటే రాసి ఊరుకునేవాణ్ని. అదీ అలాంటి పెట్టే కావడంతో మీకు రాయాల్సి వచ్చింది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. గురువులు, లఘువులు గుర్తించడం, పద్యపాదంలో అక్షరాలు లెక్కపెట్టడం పిల్లలకు నేర్పడమే నా జీతం. అలాంటి నన్ను పట్టుకుని ఆ పెట్టె అక్షరాల లెక్క రాదంది.

మొదటి ప్రశ్న: చదవడం రాని పిల్లవాడికి మీరు ముందుగా ఏం చేస్తారు? కనీసం 50 అక్షరాల్లో రాయమన్నారు. ‘పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను’ అని రాశాను. నిజంగా నేను చేసేది అదే. నా లెక్కలో అవి 14 అక్షరాలు. కింద ఎర్రగా ‘ఇంకా 16 అక్షరాలు కావాలి’ అని వచ్చింది. అంటే దాని లెక్కలో నేను 34 రాశానన్నమాట. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. విసుగొచ్చి చివర 16 చుక్కలు పెట్టాను. వెంటనే పచ్చ టిక్కు పడింది, బటన్ వెలిగింది.

మరో చోట మీ బడి గురించి 100 అక్షరాలకు మించకుండా రాయమన్నారు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, నాలుగు పాదాలకు 84. ఇంకా 16 మిగులుతాయి కదా అని మా బడి ఆవరణలోని వేపచెట్టు మీద ఒక పద్యం అల్లాను. రెండో పాదం ముగుస్తుండగానే పెట్టె నోరు మూసేసింది. ఎంత కొట్టినా మరో అక్షరం పడలేదు. పద్యం మంచిదని కాదు, పెట్టెకు అది మంచిదో చెడ్డదో తెలిసే అవకాశమే లేదు కదా.

మా మేనకోడలు బెంగళూరులో ఇలాంటి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే పనిలో ఉంది. ఫోన్ చేసి అడిగితే నవ్వింది. “మావయ్యా, జ్యోత్స్న అన్న మాటలో ఎన్ని అక్షరాలు?” అంది. రెండు అన్నాను. “కంప్యూటర్‌కి తొమ్మిది” అంది. కంప్యూటర్లు అన్ని భాషల రాతనూ దాచుకునే పద్ధతి యూనికోడ్, అందులో ఒత్తుకు విడిగా గుర్తు లేదట. హల్లు తర్వాత పొల్లు, దాని పక్కన మరో హల్లు పెడితే అదే ఒత్తుగా మారి కనిపిస్తుంది. గుణింతపు గుర్తు వేరే. అలా జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న. మొత్తం తొమ్మిది. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి ఆరు. నేను ఊరుకోలేదు. వ్యాకరణం ప్రకారం వర్ణాలుగా విడగొట్టినా జ్యోత్స్నలో ఏడే ఉంటాయమ్మా, తొమ్మిది ఏ లెక్కలోనూ రాదన్నాను. “అది అక్షరాల లెక్క కాదు మావయ్యా, లోపల ఎన్ని గుర్తులు దాచుకుందో ఆ లెక్క. పెట్టె చేసినవాళ్లు దాని పక్కన అక్షరాలు అని రాయడమే తప్పు” అంది. ఈ మాట నాకు నచ్చింది.

పేరు రాసే పెట్టె దగ్గర ఇంకో విడ్డూరం. సర్టిఫికెట్ మీద పేరు తెలుగులో రావాలంటే తెలుగులోనే టైపు చేయమన్నారు. మా బడిలో చాలామందికి ‘అక్షరాలు మాత్రమే వాడండి’ అని ఎర్రగీత వచ్చింది. కమల గారికి, వనజ గారికి మాత్రం ఇట్టే దారి ఇచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. కారణం మళ్లీ మేనకోడలే చెప్పింది. యూనికోడ్ పట్టికలో క, మ, ల అక్షరాల జాబితాలో ఉంటాయి. దీర్ఘాలు, గుడులు, కొమ్ములు, పొల్లు, చివరికి సున్నా కూడా గుర్తుల జాబితాలోకి పోతాయి. పెట్టె మొదటి జాబితాను మాత్రమే ఒప్పుకుంటే, ఒక్క గుణింతమూ లేని కమల, సరళ, వనజ లాంటి పేర్లే గట్టెక్కుతాయి. సీత ఆగిపోతుంది, శంకర్ ఆగిపోతాడు, రామారావు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పేర్లు అక్షరాలు కావంటే ఏమనాలి?

పదాల లెక్క పెట్టినచోట మరీ తమాషా. కనీసం 30 పదాలు రాయమంటారు. ‘చేయించాలనుకుంటున్నానని’ అంటే తెలుగులో ఒక్క మాట. మా సోషల్ మాస్టారు దాన్ని ‘చేయించాలి అని అనుకుంటున్నాను అని’ అంటూ నాలుగు చేశాడు. తరగతిలో సంధులు కలపమని నేను పిల్లల వెంటపడుతుంటే, ఇక్కడ మాస్టార్లందరూ పెట్టె కోసం సంధులు విడగొడుతూ కూర్చున్నారు.

ఇంత కఠినంగా ఉండే పెట్టె అసలు ఆపాల్సినవాణ్ని ఆపిందా అంటే, లేదు. మా తోటి ఉపాధ్యాయుడొకాయన (పేరు చెబితే నాతో మాట్లాడడు) అన్ని పెట్టెల్లోనూ స్పేస్ బటన్ నొక్కి పట్టుకుని, ఒక్క అక్షరం రాయకుండా జవాబులు ముగించాడు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘రిక్వయర్డ్’ అని పెడితే అది పెట్టె పూర్తిగా ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తుందట. ఖాళీ జాగాలు కూడా దానికి రాతే. ముందూ వెనకా ఉన్న ఖాళీలను కత్తిరించి ఆ తర్వాత చూడమని చెప్పాల్సింది తయారుచేసేవాళ్లు. ఇంకొకావిడ డీటీపీ షాపులో యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో కొట్టించిన జవాబులు తెచ్చి అతికించారు. తెర మీద పిచ్చిగీతలు తప్ప ఏమీ లేదు. కొలతకు సరిపోయింది కాబట్టి దానికీ పచ్చ టిక్కే. అడిషనల్ పేపర్ల నిండా ప్రశ్నలనే తిరగరాసి పెట్టే పిల్లలను చూసి పరీక్షల డ్యూటీలో ఎన్నిసార్లు నవ్వుకున్నానో. వాళ్ల తెలివి ఇప్పుడర్థమైంది.

మా మండలంలో చూపు లేని ఉపాధ్యాయులు ఒకరున్నారు. ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ సొంతంగా చేసుకుంటారు. ఈ శిక్షణలో మాత్రం ఒక పేజీ దగ్గర గంటసేపు ఆగిపోయారు. తప్పు జరిగిందని పెట్టె చుట్టూ ఎర్రరంగు వేసి ఊరుకున్నారు తప్ప, ఏ తప్పో మాటల్లో ఎక్కడా లేదు. రంగును టాక్‌బ్యాక్ ఏం చదువుతుంది? తప్పును రంగుతో సరిపెట్టకుండా మాటల్లో చెప్పాలని వెబ్ పేజీల అంతర్జాతీయ ప్రమాణాల్లో 2008 నుంచే ఉంది. చివరికి వాళ్లబ్బాయి వచ్చి చూస్తే, ఫోన్ నంబరు మధ్యలో ఒక ఖాళీ పడిందట. ‘నంబరులో ఖాళీ ఉంది, తీసేయండి’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఆ ఖాళీని అదే తీసేసుకున్నా ఇంకా మేలు.

ఇలాంటి పాఠాలు తయారుచేసేవారికి ఈ ఉత్తరం చేరుతుందో లేదో. చేరితే నేను అడిగేది పెద్ద పని కాదు. హద్దు పెట్టాల్సి వస్తే తెలుగు జవాబులు నాలుగు రాయించి చూసి పెట్టండి, ఇంగ్లిషుకు పెట్టిన అంకెనే తెచ్చి అతికించకండి. సొంత మాటల్లో రాయమన్న ప్రశ్నకు కనీస హద్దు తీసేసినా నష్టం లేదు. రాసింది చదివే మనిషి ఒకరుంటే చుక్కలు ఎవరు పెట్టారో వాళ్లకే తెలుస్తుంది. మేం రాసిందాన్ని ఎవరైనా చదివారా అన్నది నా అసలు అనుమానం, అది వేరే ఉత్తరం.

తప్పు చూపించేటప్పుడు మేం రాసింది చెరిపేయకండి. నేను మూడుసార్లు మొదటినుంచి రాశాను. విడుదలకు ముందు పేరు పెట్టెను కమల అని కొట్టి పరీక్షించి ఊరుకోవద్దు. జ్యోత్స్న, లక్ష్మి, కె.వి. రామకృష్ణ అని కొట్టి చూడండి. తర్వాత ఉత్త స్పేస్‌లు కొట్టి చూడండి. ఐదు నిమిషాల పని. రెండో విడత శిక్షణ దసరా సెలవుల్లో ఉంటుందంటున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు మాస్టారు,
బొబ్బిలి