పరిశోధనను సంతకాల తంతుగా మిగల్చకండి: వైద్య విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పరిశోధన ఎలా చెయ్యాలో మొదటి ఏడాది నుంచే నేర్పించండని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు. దాన్ని పట్టుకునే పరీక్ష, జబ్బు లేనివాళ్లలో నూటికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? హార్వర్డ్ బోధనాసుపత్రుల్లో డాక్టర్లు, విద్యార్థులు కలిపి 60 మందిని ఇదే అడిగి, ఆ ఫలితాన్ని 1978లో ప్రచురించారు. ఎక్కువగా వినిపించిన జవాబు 95 శాతం. అసలు జవాబు 2 శాతం. వెయ్యి మందికి పరీక్ష చేస్తే సుమారు 51 మందికి పాజిటివ్ వస్తుంది, వాళ్లలో జబ్బున్నది ఒక్కరికే. సరిగ్గా చెప్పినవాళ్లు 11 మంది. మా తరగతిలోనూ ముందు వినపడేది 95 అనే మాటే. పిల్లలు చురుకైనవాళ్లు, పాఠ్యపుస్తకాలు కంఠతా వచ్చు. ఈ లెక్క మాత్రం వాళ్లకెవరూ నేర్పలేదు. రేపు ఆ మిగతా 50 మంది వీళ్ల ఎదుటే కూర్చుని, లేని జబ్బుకు బెంగపడతారు.

లెక్కలకన్నా నన్ను కలవరపెట్టేది సైన్స్ మీద వాళ్ల చూపు. పెద్దలు ఎప్పుడో తేల్చేశారు, మనం గుర్తుపెట్టుకుంటే చాలు అనుకుంటారు. గుండెపోటు తర్వాత లయ తప్పుతున్న రోగులకు ఆ లయను సరిచేసే మందులు ఇవ్వడం ఒకప్పుడు మామూలు. ఈసీజీ కూడా బాగుపడేది. 1989లో ఆ మందులను రోగుల మీద పరీక్షించి చూసిన క్యాస్ట్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి: ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాడినవాళ్లలో, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) తీసుకున్నవాళ్లలోకన్నా మరణాలు ఎక్కువ. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "మరి ఇవాళ మనం రాస్తున్న మందుల సంగతేంటి సార్?" అని. డాక్టరయ్యే మనిషిలో నేను వెతికేది ఆ ప్రశ్నే.

ఆ ప్రశ్నను మనమే నలిపేస్తున్నాం. గడువు దగ్గరపడ్డాక పాత థీసిస్ తీసి మార్చి రాయడం, స్టాటిస్టిక్స్ బయట డబ్బిచ్చి చేయించడం, థీసిస్‌ను దగ్గరుండి చూడాల్సిన గైడ్ చదవకుండా సంతకం పెట్టడం. పి వాల్యూ 0.05 దాటిందని (అంటే, కనిపించిన తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేమని) దిగులుపడి వచ్చే విద్యార్థికి, "నీ ఫలితం కూడా ఫలితమే" అని చెప్పేవాళ్లు లేకపోతే, అంకెలు దిద్దడం అక్కడే మొదలవుతుంది.

విద్యార్థులు చేయలేరని మాత్రం అనుకోకండి. 1869లో క్లోమంలో విడివిడి కణాల గుంపులను గుర్తించిన లాంగర్‌హాన్స్, 1916లో రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్‌కు దారి తీసిన మెక్లీన్, ఇద్దరూ అప్పటికి వైద్య విద్యార్థులే. ప్రయోగశాల తలుపు వాళ్లకు తెరిచి ఉంది, వెంట ఉండి చూసుకునే గురువు ఉన్నాడు.

అందుకే అడుగుతున్నాను. గైడ్‌కు వారంలో కొన్ని గంటలు ఈ పనికే కేటాయించండి. ప్రతి కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని నియమించండి. ప్రచురణల సంఖ్య చూసి మార్కులు వెయ్యొద్దనండి. అనుకున్నది తేలకపోయినా నిజాయితీగా చేసిన పనికి పూర్తి మార్కులు దక్కాలి. ముందుగా కొన్ని కళాశాలల్లో అమలుచేసి చూడదలిస్తే, పాఠ్య ప్రణాళిక రాసిచ్చే పని నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక వైద్య కళాశాల అధ్యాపకుడు