రంగులు వెలిసిపోలేదండీ, కావాలనే తగ్గించాం

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒంగోలు నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. ఫోన్లలో గీసే బొమ్మల కథల్ని మీ అనుబంధంలో వేస్తున్నారు, సంతోషమే గానీ బొమ్మలన్నీ పది ఉతుకులు పడ్డ చీరలాగా వెలిసిపోయి ఉంటున్నాయి, ఈ కాలం పిల్లలకు నిండుగా రంగు వేయడానికి కూడా బద్ధకమా అని ఆయన బాధ. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. మాది కందుకూరు, 2022లో ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మార్చిన ఊరు. నాలుగేళ్లుగా వెబ్ కామిక్, అంటే ఫోన్లో చదువుకునే బొమ్మల కథ, గీస్తున్నాను. ఆయన మీద కోపం రాలేదు, కానీ ఆ "బద్ధకం" అన్న మాట రెండు రోజులు నన్ను వదల్లేదు, ఎందుకంటే ఒక బొమ్మలో ఎర్ర రంగు వేయడానికి నాకు ఐదు నిమిషాలు చాలు, దాని చుట్టూ ఉన్న ఆ వెలిసిన రంగులు కుదరడానికి మాత్రం ఒక్కోసారి రాత్రంతా పడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

మొదట్లో నేనూ ఆయన అడిగినట్టే గీశాను. నా కథలో ఒక అమ్మాయి నెల్లూరు రొట్టెల పండగకు వెళ్తుంది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉద్యోగం రొట్టె, అంటే ఉద్యోగం రావాలని మొక్కుకుని ఇంకొకరి చేతి నుంచి అందుకునే రొట్టె, తీసుకోవాలి. మూడు రోజులు కూర్చుని గీశాను. అక్కడ కనబడే రంగులన్నీ ఒక్కటీ వదల్లేదు, గులాబీ చీరలు, చిలకపచ్చ చుడీదార్లు, పసుపు కండువాలు, ఆకాశం నిండు నీలం, మధ్యలో మా అమ్మాయికి ఎర్ర డ్రెస్సు. నాకైతే చూడముచ్చటగా అనిపించింది. చదివిన నా స్నేహితురాలు ఫోన్ చేసి, "ఇంతకీ రొట్టె ఎవరు ఎవరికిచ్చారే?" అంది. కథంతా ఆ రొట్టె మీదే ఉంది, అదే కనబడలేదు! అదే బొమ్మను మళ్లీ గీశాను. గీతలు మార్చలేదు, జనాన్నంతా చెరువు నీళ్ల రంగులోకి దించాను, బూడిద కలిసిన నీలం, బూడిద కలిసిన ఆకుపచ్చ, అంతే. అమ్మాయి చున్నీకి మాత్రం పసుపు ఉంచాను, చేతులు మారే రొట్టెకు కాల్చిన గోధుమ రంగు. ఈసారి రొట్టె ఎక్కడని ఎవరూ అడగలేదు.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పనే. మాకు పొగాకు ఉంది. బ్యారన్‌లో, అంటే ఆకును వేడికి ఆరబెట్టే గదిలో, కాల్చి దించిన ఆకును మా అమ్మ, మా అత్తమ్మలు నీడపట్టున కూర్చుని గ్రేడింగ్ చేస్తారు. పొగాకు రేటంతా రంగులోనే ఉంది కదా, వేలంలో బ్రైట్ గ్రేడ్‌కు ఒక రేటు, లో గ్రేడ్‌కు ఇంకో రేటు. మా అమ్మ పక్కవాళ్లతో మాట్లాడుతూనే, గుట్ట వంక సరిగ్గా చూడనైనా చూడకుండానే, నిమ్మపండు రంగు ఆకుల మధ్య నుంచి కొంచెం పచ్చ తిరిగిన ఆకును లాగి పక్కన పడేస్తుంది. చిన్నప్పుడు అడిగాను, ఎట్లా కనబడుతుందమ్మా నీకు అని. "పసుపులో పడితే పచ్చాకు అదే పిలుస్తదే. పచ్చాకుల్లోనే పడేస్తే నేను మాత్రం యాడని ఎతికేది?" అంది. నేను రంగుల గురించి ఎన్ని వీడియోలు చూసినా ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే చూడండి. నల్లరాయిలో బంగారు పొడలు మెరుస్తుంటాయి, దానికే దేశవిదేశాల్లో అంత గిరాకీ. అవే పొడలు పసుపు రాయిలో ఉంటే ఎవరు చూస్తారు?

ఇది శాస్త్రం కూడా ఒప్పుకున్న సంగతి. ఫ్రాన్స్‌లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు, పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి అధికారి. అక్కడ వాడే నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు, నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల కంటికి ఆ నలుపు నీరసంగా కనబడుతోంది. పక్క రంగును బట్టి మనకు కనబడే రంగు మారుతుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. మా పాత ప్రకాశం జిల్లా చీరాల నేతగాళ్లకు ఈ మాట చెబితే, అంచు రంగు ఏదో చూడకుండా చీర రంగు ఎవరు నిర్ణయిస్తారమ్మా అంటారు. బొమ్మల కథ గీసేవాళ్లం మేమే ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే తేడా బ్రహ్మాండంగా ఉంటుందనుకుంటాం. ఆ బొమ్మను ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి, ముదురు, లేత తేడా లేకపోతే రెండూ ఒకే బూడిద ముద్దగా కలిసిపోతాయి. రంగు పేరు వేరు, దాని వెలుగు వేరు. కంటిని ముందు పట్టేది ఎక్కువగా ఆ వెలుగు తేడానే. నేనిప్పుడు ప్రతి బొమ్మనూ రంగు తీసేసి ఒకసారి చూస్తాను, అప్పుడు కూడా మనిషి విడిగా కనబడితేనే ముందుకు పోతాను. మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ సరిగ్గా తెలియవు. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది మగవాళ్లలోనే ఎక్కువ. రంగు మీదే భారమంతా వేస్తే వాడిలాంటి వాళ్లకు కథ అందదు. మాటల బుడగల్లో అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ మామూలు అక్షరాలకు వెనక రంగుతో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలంటుంది, లేత పసుపు మీద తెల్ల అక్షరాలు పెట్టేవాళ్లు ఇది ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఆ పెద్దాయన పేరు పెట్టి మరీ తప్పు పట్టిన బొమ్మ నాదే కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రాత్రిపూట బ్యారన్ దగ్గర నాయనమ్మ ఒక్కతే మంట చూసుకుంటూ కూర్చుని ఉంటుంది. "అంతా నీలంగా, మసకగా ఉంది, నాయనమ్మ కట్టిన ఎర్రచీర కూడా నల్లగానే ఉంది" అని ఆయన రాశారు. నిజమే, అది ఎర్రచీరే, కావాలనే నల్లగా వేశాను. సాయంత్రం పొద్దుగూకేటప్పుడు పెరట్లో మందార చెట్టు దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి చూడండి, ముందు పూలు నల్లబడతాయి, ఆకులు మాత్రం ఇంకాసేపు తెలుస్తూనే ఉంటాయి. వెలుతురు తగ్గేకొద్దీ కంట్లో రంగులు చూసే కోన్ కణాలు మందగించి రాడ్ కణాలు పనిలోకి దిగుతాయి, వాటికి ఎరుపు దాదాపు ఆనదు. పందొమ్మిదో శతాబ్దంలోనే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. అందుకని రాత్రి బొమ్మలో చీర నల్లబడాలి. ఆ నీలమంతా పరిచాక నేను నారింజ రంగు రెండే చోట్ల వేశాను, పొయ్యి మూతి దగ్గర ఒకటి, నాయనమ్మ ఎడమ చెంప మీద సన్నగా ఒక గీత. ఆ చెంప మీద కన్నీటి చార ఉంది. ఆ ఏడు పంట పోయిన సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చదివేవాళ్లకు మాత్రం ఆ గీతలోనే తెలియాలి. చీర కూడా ఎర్రగా వెలిగిపోతుంటే చూపు చీర దగ్గరే ఆగిపోయేది, చెంప దాకా వెళ్లేది కాదు.

ఫోన్లో చదివే కథకు ఇది ఇంకా ముఖ్యం. పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే ఈ పద్ధతి 2000ల మొదట్లో దక్షిణ కొరియాలో ఊపందుకుంది. పత్రికలో పేజీ మొత్తం ఒకేసారి కనబడుతుంది, చూపు అటూ ఇటూ తిరిగి తన దారి తను వెతుక్కుంటుంది. ఫోన్లో అరచేయంత గాజులో ఒక్క బొమ్మ, రెండు బొమ్మలు, అదీ బస్సులో ఎండ పడుతుంటే, బ్యాటరీ కోసం వెలుతురు తగ్గించుకుని, వేలు ఆగకుండా చూస్తారు. ఒక్క సెకను కూడా దక్కదు. ఆ సెకనులో చూపు ఎక్కడ దిగాలో రంగే చెప్పాలి. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ కూడా రంగే, తెల్లగా ఉన్న ఖాళీని మెల్లగా నల్లబరిస్తే ఒక్క మాట రాయకుండానే రాత్రయిందని తెలుస్తుంది. నా కథలో పసుపు చున్నీ అమ్మాయికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను, గోడ మీద పోస్టరుకు కూడా ఆ పసుపు వాడను. ముప్పై భాగాలు అయ్యాక ఒకచోట ఆ చున్నీ ఒక్కటే బావిగట్టు మీద పడి ఉంటుంది, చదివేవాళ్ల గుండె గుభేలుమనాలంటే అంతవరకూ ఆ రంగును పొదుపుగా దాచుకోవాలి.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మనుషులు వెనక గోడలో కలిసిపోతున్నారని చాలామంది సులువు దారి పడతారు, అమ్మాయిని తెల్లగా చేసేస్తారు. మన ఊళ్లలో చామనచాయ మనుషులే ఎక్కువ, మట్టి గోడ ముందు నిలబెడితే ముఖం కలిసిపోతుంది, నిజమే. నేను గోడ మారుస్తాను. సున్నంలో నీలిమందు కలిపి కొట్టిన గోడలు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి, ఆ లేత నీలం ముందు చామనచాయ ముఖం ఎంత నిండుగా కనబడుతుందో ఒకసారి గీసి చూస్తే తెలుస్తుంది. మనిషి ఒంటి రంగు మార్చే అవసరమే రాదు.

అయితే ఆ పెద్దాయన చెప్పిందాంట్లో సగం నిజం ఉందండీ, అది ఒప్పుకోవాలి. పత్రికలో అచ్చయిన నా బొమ్మ చూసి నేనూ బాధపడ్డాను. మేం గీసేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో వెలిగే తెర మీద. మీరు అచ్చేసేది సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో, అదీ తెల్లగా ఉండని కాగితం మీద. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్క చుట్టూ పాకుతుంది, నడిమి రంగులన్నీ ఇంకాస్త ముదిరిపోతాయి. నేను జాగ్రత్తగా కలిపిన పది రకాల బూడిద నీలాలు మీ కాగితం మీద ఒకటే మురికి నీలం అయ్యాయి, చెంప మీది నారింజ గీత కూడా చల్లారిపోయింది. ఆయన చూసింది ఆ బొమ్మ. ఆయన తప్పేముంది?

అందుకే మీకొక విన్నపం. మా దగ్గర ఫోన్ బొమ్మ తీసుకుని యథాతథంగా అచ్చేయకండి, వారం ముందు చెబితే అచ్చు కోసం విడిగా ఫైలు చేసిస్తాం, నడిమి రంగులు తేటపరిచి, వెలుగు నీడల తేడా పెంచి, అక్షరాలు పూర్తి నలుపులో పెట్టి. వీలైతే ఒక్క బొమ్మను ముందుగా మీ కాగితం మీద అచ్చు తీసి మాకు చూపించండి, దాన్ని బట్టి మిగతావి సరిచేసుకుంటాం. కందుకూరు నుంచి ఒంగోలు ఎంత దూరమని, నేనే వచ్చి చూసుకుంటాను.

ఆ పెద్దాయనకు కూడా ఒక మాట. ఇంట్లో మనవలో మనవరాళ్లో ఉంటే, ఆ బ్యారన్ బొమ్మను ఒకసారి ఫోన్లో చూపించమనండి, గదిలో లైటు తీసేసి చూడండి. ముందుగా మీ కంటికి ఏం తగిలిందో ఇదే పేజీకి రాయండి సార్, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక చిత్రకారిణి,
కందుకూరు