మాయాబజార్‌ను మా సీమ పిల్లలకు పెద్ద తెర మీద చూపించండి

గౌరవనీయులైన రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తాడిపత్రి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టారిని. ఏటా జూలై 1న, కె.వి. రెడ్డి గారి జయంతి నాడు, ఆయన తీసిన ‘మాయాబజార్’ను అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల ప్రభుత్వ బడిపిల్లలకు సినిమా హాల్లో ఉచితంగా చూపించే ఏర్పాటు చేయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నలుపు తెలుపుల్లోనే, ఒక్క సీనూ కోయకుండా చూపించాలి.

కె.వి. రెడ్డి గారు 1912లో పుట్టింది మా తాడిపత్రిలోనే. సినిమా నిర్మించిన విజయా సంస్థ అధినేతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. ఈ కథను సినిమా కంటే ముందే ఊరూరా ఆడిన సురభి నాటక సమాజం వారు 1885లో మొదటి నాటకం వేసింది కూడా కడప జిల్లా సురభి గ్రామంలోనే. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న సినిమాను మా పిల్లలు ఈరోజు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తున్నారు. ‘వివాహ భోజనంబు’ పాట ఒక ముక్క, ‘అహ నా పెళ్ళంట’ ఒక ముక్క. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరుగుతుందో తెలియదు. పాట బాగుందంటారు, పక్కకు జరిపేస్తారు.

అందులోని నవ్వు అలా ముక్కల్లో దొరికేది కాదండీ. ‘అహ నా పెళ్ళంట’ సన్నివేశాన్నే చూడండి. తెర మీద కనిపించేది శశిరేఖ. నిజానికి ఆమె శశిరేఖ కాదు, ఆ రూపంలో వచ్చిన ఘటోత్కచుడు. అంటే సావిత్రి గారు ఆడపిల్లగా నటిస్తున్న రాక్షసుడిగా నటించాలి. ఆ రాక్షసుడు ఎస్.వి. రంగారావు గారన్న సంగతి కూడా ప్రేక్షకుడికి గుర్తు చేస్తూ ఉండాలి. ఒక క్షణం తల వంచుకుని సిగ్గుల మొగ్గ అవుతారు. మరుక్షణం భుజాలు విరుచుకుని, అడుగు బరువుగా వేసి, అచ్చం రంగారావు గారి ఠీవితో నిలబడతారు. సుశీల గారి గొంతు పోయి ఘంటసాల గారి గొంతు వస్తుంది. చీర అదే, నగలు అవే, మారింది ఒళ్ళు నిలబడ్డ తీరు మాత్రమే. అది తెలియాలంటే మనిషి పాదాల నుంచి కొప్పు దాకా కనబడాలి. అరచేతి తెరలో ముఖం తప్ప ఏం తెలుస్తుంది?

అదే పెళ్ళిపీటల మీద రేలంగి గారిని చూడండి. ఆయన వేసిన పెళ్ళికొడుకు లక్ష్మణ కుమారుడికి తన అందం మీద ఎంత నమ్మకమో, గుండెలో అంత పిరికితనం. పక్కనున్న మాయా శశిరేఖ తనకు మాత్రమే భయంకరంగా కనిపించి బెదిరిస్తుంది. ఆయన బెదిరి గోల చేస్తాడు. అందరూ తిరిగి చూసేసరికి ఆమె ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కూర్చుని ఉంటుంది. భయపడేవాడు అంత నిజంగా భయపడబట్టే అమాయకంగా కూర్చున్నామెను చూస్తే మనకు నవ్వు ఆగదు. ఇద్దరిలో ఎవరూ ఎక్కువ చేయరు, ఎవరూ రెండోవారి వంతు లాక్కోరు. కె.వి. రెడ్డి గారు నటులతో రిహార్సల్ చేయించి, స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం నిడివి చూసుకునేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పారు. ఆ లెక్క ఎక్కడికి పోయిందో ఈ పెళ్ళి సన్నివేశంలో తెలుస్తుంది.

రంగారావు గారి సంగతి చెప్పనక్కర్లేదు. విందంతా ఒక్కడే ముందేసుకుని కూర్చుంటే లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరివస్తాయి. మార్కస్ బార్‌ట్లీ గారి కెమెరా మాయ అది. అయినా మనం చూసేది లడ్డూలను కాదు, ఆయన మొహంలోని చంటిపిల్లాడి సంబరాన్ని.

ఈ ఏడాది తొమ్మిదో తరగతికి, బళ్ళో ప్రభుత్వం ఇచ్చిన పెద్ద డిజిటల్ తెర (ఐఎఫ్‌పీ ప్యానెల్) మీద ఈ పెళ్ళి ఘట్టం వేశాను. వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడి చూశారు. మధ్యలో ఒక పాప అడిగింది: “లోపలుండేది ఘటోత్కచుడు కదా సార్, మళ్ళా సిగ్గెందుకు పడతాడు?” నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకడు అందుకున్నాడు: “వాళ్ళ ముందర సిగ్గు పడాల గదా, లేకుంటే దొరికిపోతాడు!” వాడి నాన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సావిత్రి గారి నటన మీద అంతకన్నా సూటి మాట నేనెక్కడా చదవలేదు. గంట కొట్టారు, పిల్లలు కదల్లేదు. మిగతాది ఎప్పుడు వేస్తారని వారం పాటు అడిగారు. మూడు గంటల సినిమా నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఎలా పడుతుంది?

అయ్యా, ఇదేమంత ఖర్చుతో కూడుకున్నది కాదు. వారం మధ్యలో మార్నింగ్ షోకి మా ఊళ్ళ హాళ్ళు దాదాపు ఖాళీగానే నడుస్తాయి. ఆ ఒక్క ఆటకు హాలు అద్దె, దూరపు బడులకు ఆర్టీసీ బస్సు ఇస్తే చాలు. మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంది, ఆ పూటకు హాలు దగ్గరే వడ్డించవచ్చు. జూన్‌లో బడులు తెరుస్తారు కనుక జూలై 1 నాటికి పిల్లలు బళ్ళోనే ఉంటారు. హక్కులున్న వారితో మాట్లాడడం మా వల్ల అయ్యే పని కాదు. అది మీ శాఖ, చలనచిత్ర అభివృద్ధి సంస్థ పూనుకుంటేనే జరుగుతుంది. 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ సెట్లు వేసిందీ, దీపాలు పెట్టిందీ నలుపు తెలుపు చిత్రం కోసం. పిల్లలు మొదటిసారి చూసేది అదే కావాలి.

పాత సినిమాకు ఈ కాలం పిల్లలు కూర్చోరని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ మాట నమ్మకండి. 1957లో వచ్చిన ఈ చిత్రాన్నే 2013లో, భారతీయ సినిమాకు నూరేళ్ళయిన సందర్భంగా ఒక జాతీయ టీవీ ఛానల్ ఆన్‌లైన్‌లో ఓట్లు పెడితే, దేశంలోకెల్లా గొప్ప సినిమాగా జనం ఎన్నుకున్నారు. ఆ ఓట్లు వేసినవారిలో చాలామంది ఇంటర్నెట్ కాలం మనుషులే.

మూడు ప్రాంతాల్లో ఒకేసారి కుదరకపోతే, ముందు కె.వి. రెడ్డి గారు పుట్టిన తాడిపత్రిలో ఒక్క ఆట వేయించండి. మీకు వీలైతే మీరూ వచ్చి పిల్లల మధ్య కూర్చుని చూడండి. మా బడి పిల్లలను హాలుకు తీసుకొచ్చి, మళ్ళీ ఇళ్ళకు చేర్చే బాధ్యత నాది. మీ కార్యాలయం నుంచి జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
తాడిపత్రి, అనంతపురం జిల్లా