యాప్‌లు ఏం పంపుతున్నాయో చూడొచ్చురా

ఒరే శీనూ,

మొన్న అడిగావు చూడు, యాప్‌లు మన డేటా బయటికి పంపుతున్నాయంటారు, ఎవరైనా చూసే చెప్తున్నారా లేక ఊరికే భయపెడుతున్నారా అని. మనమే చూడొచ్చురా. ల్యాప్‌టాప్‌లో మిట్‌మ్‌ప్రాక్సీ అని ఒక ఫ్రీ టూల్ వేసి, ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో ప్రాక్సీగా (అంటే ఫోన్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్యవర్తిగా) ఆ ల్యాప్‌టాప్ అడ్రస్ ఇచ్చి, ఆ టూల్ సర్టిఫికెట్ (ఈ మధ్యవర్తిని నమ్మమని ఫోన్‌కి చెప్పేది) ఫోన్‌లో ఎక్కిస్తే, యాప్ పంపే రిక్వెస్టులు ఎన్‌క్రిప్షన్ విప్పేసి మరీ స్క్రీన్ మీదికి వచ్చేస్తాయి. కాకపోతే ఆండ్రాయిడ్ 7 నుంచి మనం ఎక్కించిన సర్టిఫికెట్‌ని యాప్‌లు మామూలుగా నమ్మవు, అందుకే రూట్ చేసిన (అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం మన చేతికి తెచ్చుకున్న) పాత ఫోనో, ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటరో కావాలి. కొన్ని ఇంకా మొండివి, తమకి తెలిసిన సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవు, పిన్నింగ్ అంటారు, వాటితో ఫ్రిడా అని, నడుస్తున్న యాప్‌ని లోపల్నుంచే మార్చే టూల్ పట్టుకుని వేరే కుస్తీ, అదిప్పుడొద్దులే.

నేనొక వెదర్ యాప్ చూశా, పేరెందుకులే. ఓపెన్ చెయ్యగానే లొకేషన్ పంపింది, సరే, వాన పడుతుందో లేదో చెప్పాలి కదా. కానీ అక్షాంశ రేఖాంశాల్లో పాయింట్ తర్వాత ఆరు అంకెలు! రెండు అంకెలుంటే కిలోమీటర్ అటూ ఇటూగా తెలుస్తుంది, వానకి అది చాలు. నాలుగైతే 11 మీటర్లు. ఆరంటే నువ్వు మంచం మీదున్నావా కుర్చీలో ఉన్నావా అన్నంత (జీపీఎస్‌కే అంత సీన్ లేదు, అది వేరే సంగతి). పైగా అదే లొకేషన్‌కి అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్స్ వాళ్లు ఫోన్‌ని గుర్తుపట్టే కోడ్) తగిలించి, వెదర్‌తో సంబంధమే లేని ఒక యాడ్స్ డొమైన్‌కి ఇంకో రిక్వెస్ట్. నా లెక్కలో లీక్ అంటే ఇదీ, ఏం పంపిందన్నదొక్కటే కాదు, ఎవరికి పంపింది, ఆ పనికి అంత అవసరమా అని చూడాలి.

వెతకడం దగ్గరే అసలు తంటా. ఆ రిక్వెస్టుల్లో నీ ఫోన్ నంబర్ సెర్చ్ చేస్తే దొరకలేదు కాబట్టి సేఫ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. బేస్64లో (అదే డేటాని వేరే అక్షరాల్లో రాసే పద్ధతి) ఉండొచ్చు, లేదా ఎండీ5 హ్యాష్ (నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చే లెక్క) అయి 32 అక్షరాల చెత్తలా కనిపించొచ్చు. అందుకే ఇంకెక్కడా వాడని పేరు, మెయిల్, పుట్టినరోజు ఎరలాగా ఆ ఫోన్‌లో పెట్టి, వాటి హ్యాష్‌లు కూడా ముందే లెక్కేసి ఉంచుకుని అవీ వెతకాలి. హ్యాష్ చేశాం కాబట్టి మీ నంబర్ భద్రం అంటారు చూడు, నాకు ఒళ్లు మండేది అక్కడే. పది అంకెల నంబర్లు మహా అయితే 1000 కోట్లు, అన్నిటికీ ఎండీ5 కట్టడం మంచి గ్రాఫిక్స్ కార్డుకి క్షణాల పని, పైగా ఒకే నంబర్‌కి ఎప్పుడూ అదే హ్యాష్ వస్తుంది కాబట్టి రెండు కంపెనీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నువ్వెవరో దొరికిపోతావు.

మన వివరాలు ముందే తెలియకుండా పట్టే పద్ధతీ ఉంది. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల రీకాన్ అనే టూల్ (2016) రిక్వెస్ట్‌లో చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఇక్కడ లీక్ ఉండొచ్చని మెషిన్ లెర్నింగ్‌తో కనిపెడుతుంది. కానీ యాప్ వాడు ఫీల్డ్‌కి ఏదో పిచ్చి పేరు పెట్టి లోపల మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేశాడనుకో, ట్రాఫిక్ చూసి చెప్పడం కష్టం, ఫోన్ లోపలికే దూరాలి. 2010లో టెయింట్‌డ్రాయిడ్ అనే టూల్ అలాగే డేటాకి లోపలే గుర్తు పెట్టి వెంటపడింది, 30 యాప్‌లు చూస్తే 15 లొకేషన్‌ని యాడ్ సర్వర్లకి పంపుతూ దొరికాయి.

నీ దగ్గర మూలన పడేసిన ఫోన్ ఉంటే రీసెట్ కొట్టి ఉంచు, కూర్చుని చూద్దాం. రోజూ వాడే ఫోన్‌లో మాత్రం ఆ సర్టిఫికెట్ ఎక్కించకు, దాని సీక్రెట్ కీ ఎవడి చేతికి చిక్కితే వాడు నీ ట్రాఫిక్ చదివేయగలడు.

నీ
రాజుగాడు