బావా, ఆ అద్దాల క్యాబినెట్‌కు అప్పుడే డబ్బు కట్టకు

ఒంగోలు,
శనివారం మధ్యాహ్నం

బావా,

ముందుగా క్షమించు. మేనకోడలి కంప్యూటర్ కోసం చూసిన అద్దాల క్యాబినెట్, అదే కంప్యూటర్ భాగాలన్నీ బిగించే పెట్టె, ఫోటో నువ్వు పంపి ఎన్నాళ్లయిందో, నేను ఒక్క ముక్క కూడా జవాబు రాయలేదు. వైశాఖం వచ్చిందంటే మా పని ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. రాత్రి ముహూర్తాలు, తెల్లవారేసరికి అప్పగింతలు, ఇంటికి వచ్చి మొహం కడుక్కోగానే ఎడిటింగ్. ఫోన్‌లో చెబుదామంటే ఇది రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు. పైగా మేనకోడలు కూడా నీ పక్కన కూర్చుని చదవాలి. అందుకే కాగితం తీశాను.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మీ చెల్లెలు పిల్లలతో చీరాల వెళ్లి నిన్ననే వచ్చింది. గొడుగు మాస్టారు స్టేషన్ దగ్గర కనిపించి నిన్ను అడిగారు. ఎండలు మండిపోతున్నాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

ఫోటోలో ఉన్న ఆ క్యాబినెట్‌కు డబ్బు కట్టేశావా? కట్టకపోతే ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే కట్టు. కట్టి ఉంటే సోమవారమే వెళ్లి మార్పించుకో. మా స్టూడియోలో నిన్నమొన్నటి దాకా ఉన్నది అచ్చం దాని కవల. ముందువైపు నిలువెత్తు అద్దం, దాని వెనక రంగుల దీపాలతో తిరిగే మూడు ఫ్యాన్లు. పెళ్లివారు లోపలికి రాగానే ముందు దాన్నే చూసేవారు. చూడటానికి అంత బాగుండేది.

మొన్న పొదిలి పెళ్లివారి వీడియో సాయంత్రానికల్లా ఇవ్వాలి. మధ్యాహ్నం రెండింటికి రెండర్ పెట్టాను, అదే ఎడిట్ చేసిందంతా కలిపి కంప్యూటర్ పూర్తి వీడియోగా తయారుచేసే పని. పావుగంట బాగానే నడిచింది. ఆ తరువాత మిగిలిన సమయం తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టింది. ఉష్ణోగ్రత చూస్తే కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర ఉంది. అంత వేడెక్కితే అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అంటే వేలకు వేలు పోసి కొన్న ప్రాసెసర్ సగం పని చేస్తూ కూర్చుందన్న మాట. నాకు ఒళ్లు మండిపోయింది. పక్క తలుపు మరలు విప్పి తీసి గోడకు ఆనించాను. చూస్తుండగానే పన్నెండు డిగ్రీలు పడిపోయింది! తలుపు తీస్తే ఇంత తేడా వచ్చిందంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, దాన్ని చల్లబరిచే కూలర్‌దీ కాదు. ఆ పెట్టెకు గాలి ఆడటం లేదు, అంతే. నీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది కదా, దాని మీద కూడా ఈ పరీక్ష చేసి చూడు. తలుపు తీసినా రెండు మూడు డిగ్రీలకు మించి మారకపోతే క్యాబినెట్ మంచిదే.

రెండర్ ఎలాగో ముగించి పెళ్లివారిని పంపించాను. రాత్రి దాన్ని బల్ల మీద పడుకోబెట్టి టార్చి వేసి చూశాను. బావా, దుమ్ము ఎక్కడెక్కడ పేరుకుందో చూస్తే కథ అంతా అక్కడే తెలిసిపోతుంది. ముందు ఫ్యాన్ల మీద పెద్దగా లేదు. వెనకవైపు, బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు బిగించే చోట ఉండే సన్నని రేకుల సందుల్లో మాత్రం బూడిద రంగు పొడి గడ్డకట్టి ఉంది. మా కిటికీ కర్నూలు రోడ్డు మీదికి ఉంటుందని తెలుసు కదా. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు మోసుకొచ్చే లారీలు పగలూ రాత్రీ అటే పోతాయి. ఆ పొడి వేలికి తగిలితే గరగరలాడుతుంది. అది వెనక సందుల్లోకి ఎలా చేరింది?

దేవుడి గదిలోంచి ఒక అగరొత్తి తెచ్చి వెలిగించాను. అమ్మ చూసి, ‘ఈ వేళప్పుడు దానికి పూజ ఏమిటి నాయనా’ అంది. కంప్యూటర్ ఆన్ చేసి, అగరొత్తిని ముందువైపు అద్దం పక్కన పెట్టాను. అక్కడ చిటికెన వేలు పట్టేంత సందు, గాలికి ఉన్న దారల్లా అదే. పొగ బద్ధకంగా కాస్త లోపలికి వంగింది, మిగతాది పైకి లేచిపోయింది. మూడు ఫ్యాన్లు దీపాలు వెలిగించుకుని అద్దం వెనక ఊరికే తిరుగుతున్నాయి. సరే, వెనక్కి తీసుకెళ్లాను. వెనక ఫ్యాన్ వేడిగాలిని బయటికి నెట్టాలి కదా? పొగ దారంలాగా సాగి, సూటిగా ఫ్యాన్‌లోకే వెళ్లిపోయింది! నేను అగరొత్తిని దూరంగా జరిపి మళ్లీ పెట్టాను. మళ్లీ లోపలికే.

ఫ్యాన్‌ను తిరగేసి బిగించారు బావా. అసెంబుల్ చేసిన దుకాణం ఏదో ఇప్పుడు అనవసరం. డబ్బు తీసుకుని చేసిన పని అది. జల్లెడ లేని చోటి నుంచి రోడ్డు దుమ్మునంతా లోపలికి ఊదుతూ, కూలర్ వదిలే వేడిగాలికి ఎదురు నిలబడి ఇన్నాళ్లూ తిరిగింది ఆ ఫ్యాన్. మర్నాడు వెళ్లి అడిగితే ఆ కుర్రవాడు ‘ఎటు బిగించినా ఒకటేనండి’ అన్నాడు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నీకూ మేనకోడలికీ ఇప్పుడే చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్‌కు ఒక వైపు రెక్కలు మాత్రమే కనిపిస్తాయి. రెండో వైపు మధ్యలో మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఉంటాయి. గాలి ఆ కడ్డీలున్న వైపు నుంచే బయటికి వస్తుంది. కొన్నింటికి అంచు మీద బాణం గుర్తు కూడా వేస్తారు.

వెనక ఫ్యాన్ తిప్పి బిగించాను. కొంత మేలైంది కానీ ముందున్న అద్దాన్ని ఏం చేయను? అందుకని క్యాబినెట్టే మార్చేశాను. తీసుకున్నది కోర్సెయిర్ 4000డి ఎయిర్‌ఫ్లో. 2020లో వచ్చిన మోడల్. ముందు అద్దం లేదు, అంతా చిల్లుల ఉక్కు రేకు, దాని వెనక ఊడదీసి కడుక్కునే జల్లెడ. పైన అయస్కాంతంతో అంటుకునే జల్లెడ ఒకటి, కింద కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చే చోట లాగి తీసే జల్లెడ ఇంకొకటి. పక్కన మాత్రం అద్దం ఉంది. పక్కన అద్దం ఉంటే గాలికి అడ్డం లేదు, కాబట్టి మేనకోడలి ముచ్చటా తీరుతుంది. ఇదే కొనమని కాదు. లియాన్ లీ లాన్‌కూల్ 216 కూడా చూశాను. దానికి ముందు రెండు 160 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, వెనక ఒక 140 ఫ్యాన్ దానితోపాటే వస్తాయి, విడిగా కొనే పని లేదు. నా బల్ల కింద పట్టదని వదిలేశాను.

దుకాణంలో ఏ క్యాబినెట్ చూపించినా మొదట పక్కనున్న రేకును బొటనవేలితో నొక్కి చూడు. పలచటి రేకు లోపలికి పోయి టక్కుమని శబ్దం చేస్తుంది. అలాంటిది ఫ్యాన్లు తిరుగుతుంటే రాత్రంతా జివ్వుమంటూనే ఉంటుంది. కొత్తపట్నంలో మా పెదనాన్న కొడుకు ఇంట్లో చూశాను, ఉప్పుగాలికి అలాంటి రేకు అంచులన్నీ తుప్పు పట్టిపోయాయి. రంగు అంచుల దాకా, మరల చిల్లుల దాకా సరిగ్గా పట్టిందో లేదో చూడు.

ఇప్పుడు ఫ్యాన్ల లెక్క. నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇదే. ముందు మూడు పెట్టాను, ఆర్కిటిక్ కంపెనీ పీ12 ఫ్యాన్లు, గాలి లోపలికి వచ్చేలా. వెనక క్యాబినెట్‌తో వచ్చినది ఒకటి, బయటికి. లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలికన్నా ఎక్కువగా ఉండాలి. అప్పుడు ఆ ఎక్కువైన గాలి సందుల్లోంచి బయటికి తోసుకుపోతుంది, దుమ్మును రానివ్వదు. వచ్చే గాలి అంతా జల్లెడ దాటే రావాలి. మళ్లీ అగరొత్తి పరీక్ష చేశాను. వెనక రేకుల సందుల దగ్గర పొగ వెనక్కి కొట్టుకుని నా మొహం మీదికే వచ్చింది. ఎంత సంతోషం వేసిందో! అమ్మను పిలిచి చూపించాను. అమ్మ నిజంగానే ఆసక్తిగా చూసి, ‘ఇప్పుడు ఊపిరి వదులుతోంది’ అంది.

క్యాబినెట్‌తోనే వచ్చి మిగిలిన ఇంకో ఫ్యాన్‌ను పైన ముందువైపు బిగించి చూశాను, వేడి పైకే కదా పోయేది అని. పొగ పట్టి చూస్తే ముందు నుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా రాకుండానే ఆ ఫ్యాన్‌లోంచి పైకి పోతోంది. పైన పెట్టాలంటే వెనక మూలకు పెట్టాలి. నాకు అదీ అవసరం లేకపోయింది, తీసి అలమరలో పెట్టాను. కాబట్టి దుకాణంవాళ్లు ఎన్ని చోట్లు ఉంటే అన్ని ఫ్యాన్లు పెట్టేద్దామంటే ఒప్పుకోకు.

ఫ్యాన్ కొనేటప్పుడు వైరు చివర చూడు. నాలుగు పిన్నుల చిన్న ప్లగ్ ఉంటే, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు దాని వేగాన్ని వేడిని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌కు నేరుగా తగిలించే పెద్ద ప్లగ్ ఉన్నవి ఎప్పుడూ ఒకే వేగంతో హోరెత్తుతాయి. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్ పడిపోతుంది. అందుకే ఒకటి రెండు ఫ్యాన్లను గింగిరాలు తిప్పేకన్నా మూడింటిని నిదానంగా తిప్పుకోవడం మేలు. ఇప్పుడు పక్కనే కూర్చుని వాయిస్ రికార్డు చేస్తున్నా మైకులో వినబడటం లేదు. కావలి ఊళ్లో మన గదిలో చప్పుడు మధ్య పరీక్షలకు చదివిన వాళ్లం, నిశ్శబ్దం విలువ మనకన్నా ఎవరికి తెలుసు?

దీపాల ఫ్యాన్లే కావాలని మేనకోడలు పట్టుబడితే కాదనకు, కానీ ఒక్క జాగ్రత్త. దీపాల వైర్లు రెండు రకాలు. మూడు పిన్నులవి 5 వోల్టులవి, నాలుగు పిన్నులవి 12 వోల్టులవి. 5 వోల్టుల దాన్ని 12లో పెడితే దీపాలు మాడిపోతాయి.

ఇంకో మాట, ఇది నెల్లూరు వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఫ్యాన్ ఎంత తిరిగినా లోపలి భాగాలను గది కన్నా చల్లగా చేయలేదు. బయటి దేశాల సమీక్షల్లో 20, 25 డిగ్రీల గదిలో పరీక్షలు చేస్తారు. అక్కడ 25 డిగ్రీల గదిలో 65 చూపించిన ప్రాసెసర్ మన 38 డిగ్రీల గదిలో దాదాపు 78 చూపిస్తుంది. ‘65 అన్నారే’ అని కంగారు పడకు, ఆ తేడా కలుపుకుని చదువు. అక్కడ 85 చూపించిన క్యాబినెట్ అయితే మాత్రం మన ఎండాకాలానికి పనికిరాదు. నిన్న మధ్యాహ్నం మా గది 37 ఉంది, ఏసీ లేదు, అదే రెండర్ నడిపాను. ప్రాసెసర్ 79 దాటలేదు. మిగిలిన సమయం తగ్గుతూనే పోయింది. గ్రాఫిక్స్ కార్డు కూడా... ఆ అంకెలు విడిగా పంపుతాను, ఇప్పుడు పక్కన లేవు.

మేనకోడలికి ఆర్కిటెక్చర్ నమూనాలు రాత్రంతా రెండర్ అవుతూ ఉంటాయి కదా. అయిదేళ్ల చదువు. ఆ అయిదేళ్లలో కార్డు మారుతుంది, మెమరీ పెరుగుతుంది, మంచి క్యాబినెట్ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఇక్కడ వెయ్యి, రెండు వేలు మిగుల్చుకోవాలని చూడకు బావా, నా మాట విను. కావాలంటే నేను...

అరే, పార్సిల్ బస్సుకు వేళ అయిపోయింది, కుర్రవాడు కింద నుంచి పిలుస్తున్నాడు. ఉలవపాడు మామిడిపండ్ల పెట్టెలోనే ఈ కాగితాలు పెట్టేస్తున్నాను. చెల్లెమ్మను పైవి ముందు తినమను, కిందవి ఇంకా పచ్చి. దుకాణానికి వెళ్లే ముందు మూడు కొలతలు రాసుకో. గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసర్ కూలర్ ఎత్తు, మదర్‌బోర్డు సైజు. నా దాంట్లో కార్డు 360 మిల్లీమీటర్ల దాకా, కూలర్ 170 దాకా పడతాయి. బల్ల కింద జాగా కూడా కొలువు. ఎస్‌ఎంపీఎస్ కింద నుంచి గాలి పీలుస్తుంది కాబట్టి నేల మీద పెట్టకుండా చిన్న పీట ఏదైనా

పిలుస్తున్నాడు, వెళ్లాలి. కొలతలు రాత్రికి పంపు.

నీ బావ